రెండు చుక్కల సమానం

1999 అక్టోబరు 11, సోమవారం. కరీంనగర్

అయింది. నలభై ప్రోగ్రాములు, ఒక్క ఆదేశంతో, పదకొండు నిమిషాల్లో.

పోయిన సీజన్‌లో చేసిన ఏడు తూకం మిషన్లకు నేను ఒక్కొక్కదానికి చేత్తో అంకెలు మార్చి, కంపైల్ చేసి, చిప్పులో ఎక్కించేసరికి మిషనుకు ఒక పూట పట్టేది. ప్రతి మిషను అడుగున ఒక లోడ్‌సెల్ ఉంటుంది. బరువు పడగానే సంకేతం పంపేది అదే. ఏ రెండు సెల్లులూ సరిగ్గా ఒకేలా పంపవు. అందుకే ప్రతి సెల్లుతోపాటు ఒక కార్డు వస్తుంది, దానిమీద ఆ సెల్లు అంకె ఉంటుంది. ఆ అంకె నుంచి గుణకం కట్టాలి. ఆ గుణకం ప్రోగ్రాములో పడితేనే మిషను కిలోలు సరిగ్గా చూపిస్తుంది.

ఇప్పుడు ఆ పనంతా ఒక మేక్‌ఫైలులో, అంటే మేక్ అనే ప్రోగ్రాము వరసగా చదివి చేసే ఆదేశాల ఫైలులో, పెట్టేశాను. గుణకం కట్టడానికి ఒక ఫంక్షను. మిషను నంబరు చెబితే చాలు, కార్డుల జాబితాలో వెతుక్కుని, లెక్క కట్టి తెచ్చి ఇస్తుంది. తెర మీద ఒకటి తరువాత ఒకటి పడుతుంటే కుర్చీలో కూర్చోలేకపోయాను.

లక్ష్మణ్‌రావు సార్ వచ్చి వెనక నిలబడ్డారు. ఈ యూనిట్ ఆయనదే. పొలాలు చూసుకొమ్మని ఇంట్లో ఎంత చెప్పినా వినకుండా పారిశ్రామికవాడలో రెండు గదులు తీసుకుని పెట్టారు.

"అన్నీ అయినయా?"

"నలభై అయినయ్ సార్."

ఆయన తెర వైపు కాకుండా నా వైపు చూసి, "గిది నువ్వు రాసినవా సలోమీ, తెచ్చినవా?" అన్నారు.

"రాసిన సార్."

పాలిటెక్నిక్‌లో చేరిననాడు మా చర్చి ఫాదర్ చేసిన ప్రార్థన కన్నా ఆ మాటే నాకు ఎక్కువ బలం ఇచ్చింది. (మా అమ్మ, అవ్వ, ఇది చదవదు కాబట్టి రాశాను.)

అక్టోబరు 14

మొదటి నంబరు మిషను మీద ప్రభుత్వ ముద్ర వేసిన తూకం రాళ్ళు పెట్టి చూశాం. ఐదు కిలోలు, ఇరవై, యాభై, వంద, రెండు వందలు. పది గ్రాములు కూడా తేడా లేదు.

మిగతా ముప్పై తొమ్మిదింటి మీద కూడా రాళ్ళు పెట్టి చూద్దామా అని సార్ అడిగారు. ఉన్నది ఒక్క జత రాళ్ళు, ఎత్తేవాళ్ళు ఇద్దరు. వారం పడుతుంది. దసరా అయిందంటే పత్తి దిగుతుంది.

"అన్నీ ఒకే ఫైలు నుంచి వచ్చినయ్ సార్. ఒకటి సరిగ్గా ఉంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే" అన్నాను.

సార్ నా మాట నమ్మారు.

అక్టోబరు 20. జమ్మికుంట

నలభై మిషన్లూ పత్తి మార్కెట్ యార్డులో దించాం. నేను పుట్టి పెరిగిన ఊరు, నేను పత్తిలో పొర్లాడిన యార్డు. అక్కడ మా నాన్న, బాపు, ముప్పై ఏళ్ళుగా దడ్వాయి. రైతు తెచ్చిన బస్తాలను కాంటా మీద తూచి బరువు పలికేవాడు. చొక్కాకు ఇత్తడి బిల్ల, దానిమీద నంబరు, కింద పేరు: తోమాసు.

బాపు ఇరవై మూడో నంబరు మిషను దగ్గరికి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. చేయి వేయలేదు.

"ముట్టుకో బాపూ, ఏం కాదు."

"ముల్లు ఏడున్నదే?"

"ముల్లు ఉండదు. అంకెలు వస్తయ్."

"ముల్లు లేకుంటే అది ఆగిందా, ఊగుతుందా ఎట్ల తెలుస్తది?"

నవ్వాను. యార్డు సెక్రెటరీ లింగారావు గారు కూడా నవ్వారు. ఒప్పందం ఇది: పదిహేను రోజులు పాత కాంటా, కొత్త మిషను పక్కపక్కన. లెక్కకు వచ్చేది కాంటా తూకమే. తరువాత తూనికల అధికారి వచ్చి మిషన్లకు ముద్ర వేస్తే కాంటాలు తీసేస్తారు.

అక్టోబరు 25, సోమవారం

మొదటి రోజు. ఎర్ర అంకెలు వెలగగానే రైతులు గుంపు కట్టారు. నేను ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు పరుగెత్తుతూ ఉన్నాను. సంతోషంతో కాళ్ళ నొప్పులు కూడా తెలియలేదు.

బాపు దగ్గర కొంచెం గొడవ. బస్తా కాంటా మీద యాభై ఉంటే మిషను మీద యాభై కిలోల ఏడు వందల గ్రాములు వచ్చింది. తరువాతి బస్తా కూడా అంతే.

కాంటా పాతది. అరిగి ఉంటుంది.

అక్టోబరు 26

బాపు కాంటా ఒక్కటే కాదు. కొమురెల్లి మామ దగ్గర మిషను కిలో ఎక్కువ చూపించింది. ఆయన కూడా దడ్వాయే, బాపుతో పాటే బిల్ల తీసుకున్నవాడు. ఇంకో పదిమంది దగ్గర కూడా ఇదే. రైతులు కోపంగా ఉన్నారు. ఒకతను బాపు ముఖం మీదే అన్నాడు, "గిన్నేండ్ల సంది మా కష్టం గిట్లనే గుంజిండ్రా?"

కొన్ని మిషన్ల మీద తక్కువ కూడా వస్తోందని ఎవరో చెప్పారు. అక్కడ గొడవ లేదు. రైతు కాంటా తూకం తీసుకుని పోతున్నాడు.

ఎండకు అలా అవుతుందేమో. రాసుకోవలసినంత విషయం కాదు.

అక్టోబరు 27

దడ్వాయిలు తూచేటప్పుడు బొటనవేలితో కాంటా దండెను ఎత్తిపట్టి బరువు తగ్గించి పలుకుతారని అందరూ అంటున్నారు. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటే. బాపు గురించి అనుకోలేదు.

అనుకోవడం లేదు.

అక్టోబరు 29

లింగారావు గారు పన్నెండు మందిని పని నుంచి ఆపేశారు. మిషను ఎక్కువ చూపించినచోట ఉన్నవాళ్ళను. వరసగా నిలబెట్టి బిల్లలు తీసుకున్నారు. బాపు బిల్ల విప్పుతుంటే సూది చొక్కాకు చిక్కుకుంది. రెండు చేతులతో మెల్లగా తీసి, తుడిచి, బల్ల మీద పెట్టాడు.

"మిషన్‌కు ఎవరి మీద పగ లేదు తోమాసూ. అది అబద్ధం చెప్పదు" అన్నారు లింగారావు గారు.

బాపు నా వైపు చూడలేదు. నేను నాలుగో షెడ్డులో ఒక వైరు సరిచేయాల్సి ఉండి వెళ్ళిపోయాను.

వైరు బాగానే ఉంది.

అక్టోబరు 31, ఆదివారం. ఇంట్లో

చర్చికి అవ్వా నేనే వెళ్ళాం. బాపు రాలేదు. తలనొప్పి అన్నాడు.

అన్నం దగ్గర అడగాలని అనుకోలేదు. అడిగేశాను.

"బాపూ, ముప్పై ఏండ్లు ఒకే తీరు చేస్తే చెయ్యి అలవాటైతది. తెల్వకుండనే దండె మీద వేలు పడుతదేమో."

అవ్వ గరిటె గిన్నెలో పెట్టేసింది.

బాపు చాలాసేపు నమిలాడు. "నువ్వు గూడ అడుగుతున్నవా బిడ్డా."

"అడుగుతలేను. మిషన్ ఎందుకట్ల చూపిస్తుందో చూస్తున్న."

"నీ మిషన్ తప్పు చెప్పదా?"

"చెప్పదు. మొదటిదాని మీద నేనే రాళ్ళు పెట్టి చూసిన."

"మొదటిది చూసినవు. నాది ఇరవై మూడోది గద."

"అన్నీ ఒకటే బాపూ. నీకు అర్థం కాదు."

బాపు చేయి కడుక్కుని బయటికి వెళ్ళాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. బస్సు ఎక్కేటప్పుడు అవ్వ టిఫిన్ డబ్బా చేతికిచ్చింది.

బాపుకు కంప్యూటర్ల సంగతి తెలియదు. ఆయన తప్పు కాదు.

నవంబరు 2

పని ఉంది.

నవంబరు 3

పని ఉంది. కొమురెల్లి మామను బస్టాండులో ఎవరో తోసేశారని, చొక్కా చిరిగిందని ఫోన్లో అవ్వ చెప్పింది. "నీ మిషన్ మంచిగ నడుస్తుందా?" అని కూడా అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అదే బాధ.

నవంబరు 5, శుక్రవారం. జమ్మికుంట

సార్ పంపితే వచ్చాను. మిషన్ల దుమ్ము తుడిచి వెళ్ళిపోదామనుకున్నాను.

బుచ్చవ్వ అని ఒక రైతు. అరవై ఏళ్ళుంటాయి. రెండెకరాల పత్తి ఒంటరిగా తీస్తుంది. ఆమె ఒక బస్తా మీద కూర్చుని నన్ను పిలిచింది.

"గీ మిషన్లు చేసింది నువ్వేనా బిడ్డా?"

"నేనే అవ్వా."

"అయితే గిది చెప్పు. నాది ఒక్కటే బస్త. కాంటా మీద యాభై. ఆడ ఇరవై మూడో దాని మీద పెడితె ఏడు వందల గ్రాములు ఎక్కువ. ఈడ తొమ్మిదో దాని మీద పెడితె ఆరు వందలు తక్కువ. మళ్ళ ఇంకో కాంటా మీద పెట్టిన, యాభయ్యే. నా బస్త నడిమిట్ల ఏమన్న తిని బయటికి పోయిందా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వబోయాను.

"ఎండకు అట్ల అయితది అవ్వా" అన్నాను.

"ఎండ నీ మిషన్‌కే కొడుతదా? కాంటాకు కొట్టదా?"

ఆమె లేచి బస్తాను తట్టి వెళ్ళిపోయింది.

నాకు నవ్వు రాలేదు. రెండు కాంటాలు, ఇద్దరు మనుషులు, ఒకే మాట. రెండు మిషన్లు, ఒకే ఫైలు, రెండు మాటలు. ఈ సంగతి పది రోజులుగా నా ముందే ఉంది. తక్కువ చూపించిన మిషన్ల గురించి నేనే రాసి, రాసుకోవలసినంత విషయం కాదని కూడా నేనే రాశాను.

నవంబరు 6

యాభై కిలోల రాయి తీసుకుని నలభై మిషన్ల మీద పెట్టాను. ఎవరి సాయమూ అడగలేదు, కాని కొమురెల్లి మామ వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. చిరిగిన చొక్కాను కుట్టించుకున్నాడు. "ఎందుకు మామా" అంటే "రాయి బరువున్నది గద" అన్నాడు.

నలభైలో సరిగ్గా యాభై చూపించినవి రెండే. ఒకటో నంబరు, పదిహేడో నంబరు. మిగతా ముప్పై ఎనిమిదీ తప్పు. సగానికి పైగా తక్కువే చూపిస్తున్నాయి.

బాపు యాభై అంటే యాభయ్యే.

ఒకటి సరిగ్గా ఉండడం నాకు తెలుసు. పదిహేడు ఎందుకు సరిగ్గా ఉంది?

నవంబరు 7, దీపావళి. కరీంనగర్

యూనిట్‌కు సెలవు. తాళం తీసుకుని పొద్దున ఎనిమిదింటికే వచ్చి కూర్చున్నాను. వీధిలో పిల్లలు పగలే పటాకులు కాలుస్తున్నారు.

నలభై కార్డులు నేల మీద పరిచాను. ఒకటో మిషను కార్డు: 2.000. పదిహేడో మిషను కార్డు: 2.000. మొత్తం నలభైలో ఈ రెండే ఒకటి.

తొమ్మిదో కార్డు 1.976. దాన్ని రెండుతో భాగించి యాభైతో గుణించాను. నలభై తొమ్మిదిన్నరకు వంద గ్రాములు తక్కువ. బుచ్చవ్వ చెప్పిన అంకె. ఇరవై మూడో కార్డు 2.028. యాభై కిలోల ఏడు వందలు. బాపును దొంగను చేసిన అంకె.

నలభై కట్టాను. నలభైకి నలభై సరిపోయాయి. సెల్లులు మంచివే. ఎండ ఏం చేయలేదు. అన్ని ప్రోగ్రాముల్లోనూ ఒకటో మిషను గుణకమే కూర్చుంది.

అప్పుడు మేక్‌ఫైలు తెరిచాను. మళ్ళీ ఎప్పుడూ మరచిపోకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఫైలు పైన, మొదటిరోజు పరీక్ష కోసం రాసి తీసేయడం మరచిన వరుస: మిషన్ = 1

దాని కింద: గుణకం := అని రాసి, ఫంక్షను, ఫంక్షనుకు ఇవ్వాల్సింది "మిషన్".

ఇంకా కింద, నలభై ప్రోగ్రాములకు నలభై నంబర్లు.

సమానానికి ముందు ఆ రెండు చుక్కలు. చుక్కలు ఉంటే మేక్ ఆ వరుసను చదివిన క్షణంలోనే లెక్క కట్టేసి, వచ్చిన అంకెను దాచుకుంటుంది. చదివిన క్షణంలో మిషన్ అంటే ఒకటి. ఫంక్షను ఒకే ఒక్కసారి నడిచింది, ఒకటో మిషను కోసం. కింద రెండు, మూడు, ఇరవై మూడు అని ఎన్ని వచ్చినా దాచుకున్న ఆ అంకెనే ఇచ్చింది. చుక్కలు లేకుండా ఒట్టి సమానం పెడితే ఆ వరుసను లెక్క కట్టకుండా అలాగే ఉంచుతుంది. ఎవరికి కావాలో వాళ్ళు అడిగినప్పుడు, అప్పుడున్న నంబరుతో ఫంక్షనును నడుపుతుంది. ఈ తేడా నాకు తెలియనిది కాదు. ఒక్కసారి లెక్క కడితే పని తొందరగా అవుతుందని నేనే చుక్కలు పెట్టాను. పదకొండు నిమిషాలని గొప్పగా రాసుకున్నది అందుకే.

చుక్కలు తీసేశాను. పైన వరుస తీసేశాను. నడిపాను. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. నలభై గుణకాలూ అచ్చువేసి కార్డుల పక్కన పెట్టి చూశాను. ఏ మిషనుకు దాని గుణకమే.

సిగ్గుపడాలి. పడతాను. కాని ఇవాళ మధ్యాహ్నం ఆ కార్డుల మధ్య నేల మీద కూర్చుని నేను గట్టిగా నవ్వాను. బాపు దొంగ కాదు. కొమురెల్లి మామ దొంగ కాదు. ముప్పై ఏళ్ళుగా ఒక ముల్లునూ ఒక కంటినీ నమ్ముకున్న మనిషి నా కంప్యూటరు కన్నా నిజంగా తూచాడు.

అన్నం కంచం ముందు నేను అడిగిన మాట మాత్రం అచ్చువేసిన కాగితాల్లో ఎక్కడా సరిపోదు.

నవంబరు 8

సార్‌కు చెప్పాను. కాగితాలన్నీ బల్ల మీద పెట్టి, తప్పు వరుస కింద గీత గీసి. ఆయన రెండుసార్లు చదివారు.

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు సార్."

"అయితే విను. చిప్పులు మార్చి పెడదాం. సెల్లులు ఖరాబ్ వచ్చినయని యార్డుకు చెప్దాం. కథ అయిపోతది."

"దడ్వాయిల సంగతి?"

"వాళ్ళను మెల్లగ తీసుకుంటరు. నేను లింగారావుతోని మాట్లాడుత."

"మెల్లగ తీసుకుంటే దొంగలని తీసుకున్నట్టే అయితది సార్."

ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. "ఇంట్ల మా నాయనను ఎదిరించి పెట్టిన, సలోమీ, గీ యూనిట్. యార్డు ముందట గిట్ల చెప్తే నా పేరు పోతది. మళ్ళ ఎవడన్న నా మిషన్ కొంటడా?"

"పన్నెండు మంది పేరు పోయింది సార్. అందుల ఒకరు మా బాపు."

ఆయన తిరిగి చూశారు. ఏడాదిన్నర నుంచి పనిచేస్తున్నాను. తోమాసు నా తండ్రి అని ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇక్కడ కూడా రాయలేకపోతున్నాను.

బల్ల దగ్గరికి తిరిగొచ్చి, "చిప్పులు ఎన్నడయితయ్?" అన్నారు.

"ఎల్లుండికి."

"సరే. బేస్తవారం పోదాం. నువ్వు చెప్పు. పక్కన నేను ఉంట. యూనిట్ నాది."

నవంబరు 9

నలభై చిప్పులు విప్పి తెచ్చాం. ఒక్కొక్కదాని నెత్తిన అతికించిన కాగితం పీకి నీలి దీపం కింద పెడితే పాత ప్రోగ్రాము చెరిగిపోతుంది. సార్ చొక్కా చేతులు మడిచి కాగితాలు పీకారు.

మేక్‌ఫైలులో ఇంకో రెండు వరుసలు చేర్చాను. మిషను నంబరు ఇవ్వకపోతే ఫంక్షను ఊహించదు, ఆగిపోతుంది. రాళ్ళ పరీక్ష కాగితం లేని మిషనుకు పని పూర్తయినట్టు చూపించదు. ఆ కాగితం ఉందో లేదో చూసే వరుస కూడా ఒట్టి సమానమే. అడిగినప్పుడే వెళ్ళి చూస్తుంది.

నవంబరు 10

నలభై. మళ్ళీ చిప్పులు ఎక్కాయి. చేతివేళ్ళు మండుతున్నాయి. నిద్ర వస్తుందనుకోను, కాని పర్వాలేదు.

నవంబరు 11, గురువారం. జమ్మికుంట

పూర్తిగా రాయాలి.

వేలం పాట పాడే మైకు ముందు నిలబెట్టారు. కింద బండ్లు, ట్రాక్టర్లు, మూడు నాలుగు వందల మంది రైతులు. కమీషన్ తీసుకునే అడ్తిదారులు గొడుగుల కింద. ఆపేసిన పన్నెండు మంది దూరంగా నీళ్ళ కుండల దగ్గర ఉన్నారు. బాపు వెనక వరుసలో ఉన్నాడు. బిల్ల లేని చొక్కాలో బాపు ఎవరో పరాయి మనిషిలా కనిపించాడు.

ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. చదవలేకపోయాను. వచ్చినట్టు చెప్పాను.

"నా పేరు సలోమి. గీ మిషన్లల్ల లెక్క రాసింది నేను. నేను తప్పు రాసిన. నలభై మిషన్లకు నలభై అంకెలు పడాలె. అన్నిటికీ మొదటి మిషన్ అంకెనే పడ్డది. పొద్దుగాల మొదటి గోనెసంచి బరువు చూసి, దినమంత వచ్చిన అన్ని సంచులకు అదే బరువు తీసేసినట్టు. ముప్పై ఎనిమిది మిషన్లు మీకు తప్పు చూపించినయ్. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. మీరు ఎక్కువ చూపించినయే చూసిండ్రు, నేను గూడ గంతే. కాంటాల తప్పు లేదు. దడ్వాయిలు ఎవ్వరు దొంగతనం చెయ్యలే."

ఒక ఎద్దు మెడ విదిలిస్తే గంటలు మోగాయి.

ముందు వరుసలో ఒక రైతు లేచాడు. బాపు ముఖం మీద మాట అన్నది ఇతనే. "నిన్నటి దాక మిషనే నిజమన్నరు. ఇయ్యాల మిషన్ తప్పంటున్నరు. రేపు ఏమంటరు? ఇప్పుడన్న ఇవి మంచిగున్నయని ఎట్ల నమ్మాలె?"

"నన్ను నమ్మకుండ్రి. ముద్ర ఉన్న రాళ్ళు తెచ్చినం. దడ్వాయిలే పెడతరు. మీరు నిలబడి చూడుండ్రి. ఒక్కటి తప్పు చూపించినా నలభై మిషన్లు లారీల ఎక్కించుకొని పోత."

లక్ష్మణ్‌రావు సార్ మైకు తీసుకున్నారు. "ఆమె ఒక్కతే పోదు. నేను గూడ పోత." ఇంకేం చెప్పలేదు. అది చాలు.

పన్నెండు మందినీ పిలిచారు. మొదట ఎవరూ కదల్లేదు. తరువాత కొమురెల్లి మామ వచ్చి రాయి ఎత్తాడు.

ఒకటి. యాభై. రెండు. యాభై. మూడు. జనం మా వెంట షెడ్డు నుంచి షెడ్డుకు జరుగుతున్నారు. తొమ్మిదో నంబరు దగ్గర బుచ్చవ్వ తన బస్తాతో సిద్ధంగా ఉంది. రాళ్ళకు ముందు తన బస్తా పెట్టాలంది. పెట్టారు. అది కాంటా మీద నలభై ఎనిమిదీ రెండు వందలు ఉందట. మిషను మీద అదే అంకె వెలిగింది.

"ఇయ్యాల నా బస్త తినలే, బయటికి పోలే" అంది బుచ్చవ్వ. జనం మొదటిసారి నవ్వారు.

ఇరవై మూడో నంబరు దగ్గర బాపు రాయి పెట్టాడు. పెట్టి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని రెండడుగులు దూరం జరిగాడు. వేలు ఎక్కడా తగలలేదని అందరికీ కనిపించాలని.

యాభై. సున్నా సున్నా.

అప్పుడు ఎవరో చప్పట్లు కొట్టారు. తరువాత అంతా కొట్టారు. ఆపమన్నా ఆపలేదు. మిషన్లు ఇంకా పదిహేడు మిగిలి ఉన్నాయని నేను అరుస్తున్నాను, ఎవరికి వినిపిస్తుంది.

నలభైకి నలభై. మూడు గంటలు పట్టింది.

లింగారావు గారు బిల్లలు ఉన్న డబ్బా తెప్పించారు. ఒక్కొక్కరిని పిలిచి వాళ్ళ చేతిలో పెట్టారు. బాపు వంతు వచ్చినప్పుడు డబ్బా కింద పెట్టి రెండు చేతులతో ఇచ్చారు.

"తప్పయింది తోమాసూ. మనసుల పెట్టుకోకు."

బాపు బిల్ల పెట్టుకుని సూది వంచాడు. ఆ ముఖంలో ఏదో ఒక మాట తయారవుతోందని అందరం చూస్తున్నాం.

"బండ్లు నిలబడ్డయ్ సార్" అన్నాడు బాపు. "పొద్దు పోతుంది, తూకం మొదలుపెట్టనియ్యుండ్రి."

సాయంత్రం బస్సు కోసం హోటల్ ముందు చాయ్ తాగాం. ఇద్దరమే.

"బాపూ, ఆ దినం నేను అన్నం కాడ అడిగింది..."

"అడిగినవు."

"తప్పు."

బాపు సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదాడు. "నాకు బాధ అయింది బిడ్డా. అబద్ధం ఎందుకు చెప్పాలె. రెండు దినాలు అన్నం పోలే." తాగి సాసర్ పెట్టాడు. "ఇయ్యాల నువ్వు మైకుల చెప్తుంటే కొమురెల్లి ఏమన్నడో ఎరుకనా? నీ బిడ్డకు నీ లెక్కనే నదురు బెదురు లేదురా అన్నడు."

"భయమే అయింది బాపూ. రాసుకున్న కాగితం గూడ చదవలేకపోయిన."

"ఆ కుండల కాడి నుంచి కనవడలే" అన్నాడు.

నవంబరు 25

తూనికల అధికారి వచ్చి ముద్రలు వేశారు. నలభైకి నలభై.

డిసెంబరు 3

ఆదిలాబాద్ యార్డు నుంచి ఉత్తరం. ఎనభై మిషన్లు కావాలట. సార్ ఉత్తరాన్ని నా బల్ల మీద పెట్టి ఒక వరుస చూపించారు: "తప్పును బహిరంగంగా ఒప్పుకున్న యూనిట్ అని తెలిసి రాస్తున్నాము."

"పేరు పోతదని అన్న గద" అన్నారు సార్. "పోయి ఆదిలాబాద్ దాక పోయింది."

నేను ఒక షరతు పెట్టాను. ప్రతి మిషను మీద యూనిట్ బయటివాళ్ళే రాళ్ళు పెట్టి చూడాలి, దడ్వాయిలు. పరీక్ష కాగితం మీద వాళ్ళ సంతకం ఉండాలి. సార్ వెంటనే ఒప్పుకున్నారు.

డిసెంబరు 9

ఎనభైలో సగం మూడు వందల కిలోలవి, సగం ఐదు వందలవి. పాత ఫైలయితే రెండు ఫైళ్ళు రాయాల్సి వచ్చేది. ఇప్పుడు ఫంక్షనుకు ఇంకో మాట చేర్చాను, అంతే. మిషను నంబరు ఇస్తే దాని కిలోల హద్దూ అదే తెచ్చుకుంటుంది, గుణకమూ అదే కడుతుంది. ఏదీ ముందే కట్టి పెట్టుకోదు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళ లెక్క.

యాభై ఎనిమిది నిమిషాలు పట్టింది. తొందర లేదు. మధ్యలో వెళ్ళి ఇడ్లీ తిని వచ్చాను.

డిసెంబరు 18, శనివారం. ఆదిలాబాద్

నిన్న లారీలో వచ్చాం. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు మీద చలి, ఇచ్చోడలో చాయ్. ముందు సీట్లో బాపు, కొమురెల్లి మామ. ఇద్దరూ ఆదిలాబాద్ చూడటం ఇదే మొదలు. దారిపొడుగునా పత్తి చేలను చూసి, ఎకరానికి ఎన్ని బస్తాలు వస్తాయని పందెం కాసుకున్నారు.

యార్డులో సగం మంది మరాఠీ మాట్లాడుతున్నారు. మొదటి మిషనును ఇవాళ తెల్లవారకముందే దించి బిగించాం. చుట్టూ చేరినవాళ్ళలో హనుమంతు అని ఇక్కడి దడ్వాయి ఉన్నాడు. బాపు వయసే. కండువా చెవులకు చుట్టుకుని, బాపు బిల్లనూ మిషనునూ మార్చి మార్చి చూశాడు.

"మీరు గూడ తూకం మనుషులే గద. మరి గీ మిషన్లు మీరే మోసుకొచ్చి పెట్టవడితిరి. రేపు మన పని ఏంగావాలె?"

బాపు యాభై కిలోల రాయిని మిషను మధ్యలో పెట్టి నడుము పట్టుకుని లేచాడు.

"మిషన్‌ను తూచేటోడు కావాలె గదనే" అన్నాడు. "జర ఆ రెండో రాయి అందియ్యి."

హనుమంతు కండువా విప్పి నడుముకు కట్టుకుని, రాయి అందించాడు.

వంద. సున్నా సున్నా. బాపు కాగితం మీద మెల్లగా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా సంతకం చేశాడు. దాని కింద హనుమంతును కూడా చెయ్యమన్నాడు. నేను లోపలికి వెళ్ళి రెండో మిషను డబ్బా విప్పాను.